సర్దుకుపొమ్మనడం వైద్యం కాదు

ప్రతి ఏటా మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా పక్కన రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె - ఇట్లా ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు కొంగు పట్టి తీసుకుంటారు. కొన్నేళ్ల క్రితం ఆ నీళ్లలో నా పక్కన నిలబడిన ఒకామె నన్ను అడిగింది: "మనశ్శాంతి రొట్టె ఏడ ఇస్తా ఉండారక్కా?" నవ్వుతూనే అడిగింది. కానీ ఆ తర్వాత గట్టు మీద కూర్చుని ఆమె చెప్పిన సంగతులు నవ్వుకునేవి కావు.

ఆమెది తీరంలోని ఒక పాళెం. తెల్లవారుజామున చేపల గంప నెత్తికెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్ముకొస్తుంది. "అందరి ఆడోళ్లకీ మొగుడు సముద్రం మీద ఉంటే నిద్ర పట్టదంట. నాకు ఆయన వేటకు పోయిన రాత్రే నిద్ర పడతాది" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ ఆయన ఇంట్లోనే. పని లేని చేతులు, అప్పుల వాళ్ల రాకపోకలు, సాయంత్రమైతే తాగుడు, తాగితే అనుమానం. కొట్టడం ఏడాదికి నాలుగైదుసార్లే. మిగతా రోజులన్నీ ఎప్పుడు కొడతాడో అన్న ఎదురుచూపు.

ఆమె ఊరుకోలేదు. గుండెదడ అని ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి పోతే సెలైన్ పెట్టాడు. టౌనుకు పోయి ఇ.సి.జి. తీయించుకుంటే ఏమీ లేదన్నారు. ఒకసారి దర్గాలో నిద్ర చేసింది, ఇంకోసారి పాస్టరుగారితో ప్రార్థన చేయించుకుంది. పాళెంలో పెద్దకాపుల ముందు రెండుసార్లు పంచాయితీ పెట్టించింది. ఒకసారి పోలీసు స్టేషన్‌లో "కౌన్సెలింగ్" కూడా అయింది. అన్నిచోట్లా చివరికి చెప్పింది ఒకటే మాట: "పిల్లలున్నారు కదమ్మా, సర్దుకోవాల."

ఈ సంచికకు సంపాదకీయం రాయాలని కూర్చున్నప్పుడు నాకు ఆ ఒక్క మాటే గుర్తుకొచ్చింది. మన ప్రాంతంలో సంసారంలో నలిగిపోతున్న ఆడమనిషి ఎన్ని గడపలు తొక్కినా ఆమెకు దొరికే మందు సర్దుబాటే. ఆ మందుకి మనం కొత్తగా పెట్టుకున్న పేరు కౌన్సెలింగ్. మనసు వైద్యం కోసం వెతికే స్త్రీకి అన్నిటికంటే పెద్ద అడ్డం డబ్బో దూరమో అనుకుంటాం. అవి అడ్డాలే. కానీ అంతకంటే ముందు, ఆమెకు ఏం దొరకాలి అన్న విషయంలోనే మనకు స్పష్టత లేదు. రాజీ కుదర్చడం వేరు, న్యాయం జరిపించడం వేరు, మనసుకు వైద్యం చేయడం వేరు. మూడింటినీ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఒకే మనిషి చేత చేయించి మూడూ జరిగాయని ఫైలు మూసేస్తున్నాం.

అంకెలు చెప్పేది కూడా ఇదే. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18-49 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలలో 29 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసనో లైంగిక హింసనో ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినవాళ్లే. హింసకు గురైన స్త్రీలలో సాయం అడిగినవాళ్లు 14 శాతం మాత్రమే. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. 2015-16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, దేశంలో మానసిక సమస్యలున్న వయోజనుల్లో అత్యధికులకు ఏ వైద్యమూ అందడం లేదని తేల్చింది. 2016లో ప్రపంచం మొత్తంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో సుమారు 37 శాతం మంది మన దేశపు స్త్రీలేనని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ప్రపంచ స్త్రీ జనాభాలో మన వాటా 18 శాతం కూడా లేదు. ఈ అంకెలను విడివిడిగా చదవడం మనకు అలవాటైంది. హింస ఒక శాఖ, మానసిక ఆరోగ్యం ఒక శాఖ, ఆత్మహత్య పోలీసు రికార్డు. ఆ పాళెం మనిషి బతుకులో ఇవి మూడూ ఒకే కథ.

నెల్లూరు జిల్లాకు ఈ కథ కొత్తది కాదు. 1991లో ఇక్కడ అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతరు చుట్టూ కూర్చుని పలక పట్టారు. ఆ రాత్రిబడుల్లో చదువుతోపాటు ఇంకొకటి కూడా జరిగింది. ఇంట్లో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకున్నారు. తన ఇంట్లోదే అనుకున్న నరకం పక్కింట్లో కూడా ఉందని అక్కడే తెలిసింది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా అంగడి మూయించడం, ఆ కథ "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై జిల్లా అంతా పాకడం, 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం రావడం మనందరికీ తెలిసిన చరిత్ర. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అది కూడా తెలిసిందే.

మనం అంతగా పట్టించుకోనిది, ఆ మాట్లాడుకునే చోటు కూడా పోయిందన్న సంగతి. రాత్రిబడులు మూతబడ్డాయి. తర్వాత వచ్చిన పొదుపు సంఘాల సమావేశాల్లో కంతులు, వడ్డీలు, సంతకాలు తప్ప ఇంటి సంగతి మాట్లాడే సమయం లేకుండా పోయింది. సారా అంగడిని మూయించిన స్త్రీలు గెలిచారు. కానీ పదేళ్లు, ఇరవయ్యేళ్లు భయంతో బతికిన ఒంటికి, మనసుకు ఏం జరిగిందో వాళ్లను ఎవరూ అడగలేదు. పరిశోధకురాలిగా నేనూ అడగలేదు. నా ప్రశ్నావళిలో తాగుడు, ఖర్చు, దెబ్బలు, ప్రతిఘటన అన్నీ ఉన్నాయి. "నిద్ర పడుతోందా?" అన్న ప్రశ్న లేదు.

నాకు ఆ ప్రశ్న తెలియడానికి నా నిద్ర పోవలసి వచ్చింది. ఇది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. ఇతరుల బతుకుల్ని కేస్ స్టడీలుగా రాసుకున్న మనిషి తన సంగతి దాచుకోవడం సబబు కాదనిపించి రాస్తున్నాను. నా భర్త కూడా ఉద్యమాల్లో పనిచేసిన మనిషే. ఏనాడూ చేయెత్తలేదు. ఉన్నదల్లా వారాల తరబడి మౌనం, నలుగురిలో నా మాటను నవ్వులాటగా తీసేయడం, నేను మీటింగుకు బయల్దేరినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక పని గుర్తుకురావడం. దీన్ని హింస అనాలో కూడదో నాకే తెలియలేదు. దెబ్బలు తిని వచ్చిన స్త్రీలతో పగలంతా మాట్లాడి ఇంటికొచ్చిన నాకు, నా బాధను బాధ అనుకోవడమే సిగ్గుగా ఉండేది. చివరికి మూడు నెలలు సరిగా నిద్ర లేక, ఒక శిక్షణ శిబిరంలో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మరిచిపోయి నిలబడిపోయాను.

మొదట నేను వెళ్లిన కౌన్సెలర్ పది నిమిషాలు విని, "మీరు ఎక్కువ చదువుకున్నారు, ఎక్కువ ఆలోచిస్తున్నారు. ఆయనకి కాస్త టైమివ్వండి, ఇంటిపట్టున ఉండండి" అని చెప్పారు. మరుసటిసారి ఆయన్ని కూడా తీసుకురమ్మన్నారు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఎవరి తప్పు ఎంతో తూకం వేశారు. డబ్బు కట్టి బయటికొచ్చేటప్పటికి, పాళెంలో పెద్దకాపుల పంచాయితీకి, దీనికి తేడా ఏమిటో నాకు తెలియలేదు. తర్వాత ఒక స్నేహితురాలు చెబితే మద్రాసులో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలుంటుంది కాబట్టి పోయిరాగలిగాను. ఆమె మొదటిరోజే తన చదువేమిటో, ఫీజెంతో, సుమారు ఎన్నిసార్లు రావలసి ఉంటుందో చెప్పింది. ఇక్కడ చెప్పింది బయటికి పోదని, ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం ఏం చేస్తుందో కూడా ముందే చెప్పింది. "ఇంట్లో మీకు భయం వేస్తుందా?" అని నన్ను ఒంటరిగా అడిగింది. సర్దుకొమ్మనీ అనలేదు, విడిపొమ్మనీ అనలేదు. ఏడు నెలలు తిరిగాను. నా సంసారం ఆ గదిలో బాగుపడిందని చెప్పను. నాకు నిద్ర వచ్చింది. ఏది ఒప్పుకోగలనో, ఏది ఒప్పుకోలేనో మాటల్లో పెట్టి ఇంట్లో చెప్పగలిగాను. ఆ తర్వాతి నిర్ణయాలు నేను తీసుకున్నవి.

నాకు రైలు ఖర్చు, ఫీజు పెట్టుకునే స్తోమత ఉంది. ఆ చేపలమ్మే మనిషికి లేదు. అయితే ఆమెకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన తీరంలోని పట్టపువాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం కలిసిన మాట. బాధ చెప్పుకోవడానికి మనిషి ఇంటి భాషలోకే పోతుంది. దిగులు, గుబులు, బెంగ, మనేద - ఈ మాటలు విని అర్థం చేసుకోలేని వైద్యం, 'డిప్రెషన్', 'యాంగ్జయిటీ' అన్న మాటలు నేర్చుకుంటేగాని దొరకని వైద్యం, పాళెం గడప దాటి లోపలికి రాదు.

మన సంఘాల్లో ఈ విషయం మీద ఒక పాత అభ్యంతరం ఉంది. సమస్య సమాజంలో ఉంటే వైద్యం వ్యక్తికి చేయడమేమిటి? మాత్ర ఇచ్చి ఆమెను మళ్లీ అదే ఇంటికి పంపడమే కదా? ఈ అభ్యంతరం నిజమైనది. కట్టుబాటుకు లొంగని స్త్రీకి పిచ్చి అని పేరు పెట్టిన చరిత్ర ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో కాలి చనిపోయిన సంగతి మరవలేం. కానీ అభ్యంతరం ఉంది కదా అని చేతులు కట్టుకు కూర్చుంటే, ఆ స్త్రీ సెలైన్ సీసాకీ నిద్రమాత్రకీ పురుగుల మందు డబ్బాకీ మిగులుతుంది. దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టడమంటే కొట్టినవాణ్ణి క్షమించడం కాదు. కాలు నిలబడితేనే ఆమె కోర్టు మెట్లయినా ఎక్కగలదు.

కనుక మన దగ్గరికి వచ్చే స్త్రీకి దారి చూపించేవాళ్లుగా మనం కొన్ని విషయాలు స్పష్టంగా తెలుసుకోవాలి.

మొదటిది, ఎవరు ఎవరు అన్నది. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వాళ్లకు భారత పునరావాస మండలిలో నమోదు ఉండాలి. ఆ నంబరు అడగడం తప్పు కాదు, అవమానించడం అంతకంటే కాదు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం రెండేళ్లు చదివినవాళ్లూ పెట్టుకుంటున్నారు, రెండు రోజుల శిక్షణ పొందినవాళ్లూ పెట్టుకుంటున్నారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు, చెప్పింది గుట్టుగా ఉంచుతారా అని అడగాలి. మొదటి మనిషి నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి పోవచ్చని ఆమెకు ముందే చెప్పాలి. లేకపోతే తనకే ఏదో లోపం ఉందని ఇంటికి వెళ్లిపోతుంది.

రెండోది, హింస ఉన్నచోట భార్యాభర్తలిద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. గదిలో ఆమె చెప్పిన మాటకు రాత్రి ఇంట్లో జవాబు వస్తుంది. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. భద్రత చూడాలి. హింస లేనిచోట, ఇద్దరూ ఇష్టపడినచోట మాత్రమే జంట కౌన్సెలింగ్ మేలు చేస్తుంది. గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం (2005) 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అయితే 2006 నాటి నియమాలు ఆ కౌన్సెలింగ్ ఎట్లా ఉండాలో చెప్పాయి. హింస మళ్లీ జరగదన్న హామీ రాబట్టడమే దాని ఉద్దేశం. ఫలానా కారణం వల్ల కొట్టానని అతను సమర్థించుకోవడానికి అక్కడ వీల్లేదు. ఆమె కోరుకుంటేనే రాజీ ప్రయత్నం. ఈ నియమాల తెలుగు ప్రతి ప్రతి కౌన్సెలింగ్ కేంద్రం గోడకీ అంటించవలసిన పని మనది.

మూడోది, చట్టం ఇచ్చిన హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వం నిధులిచ్చే చోట్ల మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు అని 18వ సెక్షన్ చెప్పింది. గోప్యత హక్కు ఇచ్చింది. సమాజపు నీతికి, ఆచారాలకు లోబడలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు ముద్ర వేయకూడదని చెప్పింది. డాక్టరు దగ్గరికి పోతే రేపు భర్త విడాకుల కోర్టులో పిచ్చిదంటాడేమో అన్న భయం మన స్త్రీలకు ఎంత ఉందో మనకు తెలుసు. చికిత్స తీసుకున్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని ఈ చట్టమే చెబుతోంది. జబ్బు పేరు ఒక్కటే విడాకులకు చాలదని సుప్రీంకోర్టు 1988లోనే రామ్ నారాయణ్ గుప్తా కేసులో చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందని భావించాలని, ఆమెకు వైద్యం, పునరావాసం కల్పించవలసింది ప్రభుత్వమేనని 115వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు. అయినా కేసవుతుందన్న భయంతో పొరపాటున మందు తాగిందని ఆస్పత్రిలో రాయిస్తున్న కుటుంబాలు ఉన్నాయి. అట్లా రాయించిన రోజునే ఆమెను అడగవలసిన ప్రశ్నలన్నీ ఆగిపోతాయి.

నాలుగోది, ఎక్కడికి పోవాలి అన్నది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. హింస విషయానికి 181, జిల్లాలోని సఖి కేంద్రం ఉన్నాయి. హైదరాబాదులో భూమిక స్త్రీల సంస్థ 2006 నుంచి హెల్ప్‌లైన్ నడుపుతోంది. నెల్లూరులో 2014లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక పెద్దాసుపత్రి బోధనాసుపత్రి అయింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైనప్పుడు వాటిలో ఒకటి అప్పటి మన రాష్ట్రంలోని మెదక్. ఆ కార్యక్రమం మన తీరపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దాకా నెలకు ఎన్నిరోజులు వస్తోంది, ఆ వచ్చేవాళ్లలో స్త్రీలెందరు, మాట్లాడుకోవడానికి తలుపున్న గది ఉందా అన్నవి ప్రతి మండలంలోనూ మనం వెళ్లి అడగవలసిన ప్రశ్నలు.

వైద్యులు తక్కువ, నిజమే. కానీ వైద్యులే అన్నీ చేయాలని లేదు. జింబాబ్వేలోని హరారేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణల్లో బెంచీల మీద కూర్చోబెట్టాడు. వాళ్లు వచ్చినవాళ్ల మాట విని, సమస్యను చిన్నచిన్న ముక్కలు చేసి ఆలోచించడం నేర్పారు. అది పనిచేస్తుందని 2016లో వచ్చిన పరిశోధన చూపింది. గోవాలో సంగత్ సంస్థ కూడా స్థానికులైన మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి మంచి ఫలితాలు చూపింది. నెల్లూరుకు ఇది విడ్డూరమేమీ కాదు. మన రాత్రిబడులు సగం ఆ పని చేశాయి. రెండో సగం, అంటే శిక్షణ, పర్యవేక్షణ, అవసరమైనప్పుడు డాక్టరు దగ్గరికి చేర్చే ఏర్పాటు, అప్పట్లో లేవు. ఇప్పుడు పెట్టుకోవచ్చు. ఆశా కార్యకర్త నెత్తిన ఇంకో రిజిస్టరుగా మాత్రం కాదు. జీతమిచ్చి, సమయమిచ్చి పెట్టుకోవాలి.

చివరగా మన గురించి. సంస్థల్లో, సంఘాల్లో పనిచేసే స్త్రీలు రోజంతా ఇతరుల దుఃఖం వింటారు. ఇంటికి పోతే వాళ్ల సంసారాలు వాళ్లకున్నాయి. ఇంట్లో నోరెత్తలేని కార్యకర్త బయట ధైర్యం చెప్పలేక, చెప్పకా తప్పక నలిగిపోతోంది. 'నువ్వే ఇట్లా అయితే ఎట్లా?' అని మనమే ఆమె నోరు మూయిస్తున్నాం. కేసులు వినేవాళ్లకు నెలకొకసారి తమ బరువు దించుకునే సమావేశం ఉండాలి. మనసు బాగాలేక తీసుకున్న సెలవు కూడా ఒంట్లో బాగాలేక తీసుకున్న సెలవంతటిదే. నిధులడిగే ప్రాజెక్టు కాగితాల్లో వాహనానికి, కరపత్రాలకు లెక్క రాసినట్టే దీనికీ లెక్క రాయాలి. మన కౌన్సెలింగ్ రిజిస్టరులో 'రాజీ కుదిరినవి' అన్న గడిని విజయాల లెక్కలో చూపడం మానేయాలి. ఆ గడి పక్కన, ఆరు నెలల తర్వాత ఆమె ఎట్లా ఉంది అన్న గడి పెట్టాలి.

ఈ విషయం మీద మీ అనుభవాలు రాయమని కోరుతున్నాం. ఎవరి దగ్గరికి పోయారు, ఏమన్నారు, ఏది ఉపయోగపడింది, ఏది గాయపరిచింది. పేర్లు వేయం. మన జిల్లాల్లో ఆడవాళ్ల మాట వినగల మనుషుల జాబితా ఒకటి ఈ ఉత్తరాల నుంచే తయారవుతుందని ఆశ.

ఆ పాళెం మనిషికి ఆ రోజు గట్టు మీద నేను ఏ చిరునామా చెప్పలేకపోయాను. అప్పటికి నాకే తెలియదు. నా చేతిలో ఉన్న ఆరోగ్యం రొట్టెలో సగం ఆమెకు పెట్టాను. ఇట్లాంటి ఇంకో మనిషి మీ సంఘం గడపలోకి రేపు వస్తుంది. ఆమెకు చెప్పడానికి మీ దగ్గర ఏముందో ఇవాళే చూసుకోండి.